తలంబ్రాలు గింజ గింజగా

నగర్తపేట,
బెంగళూరు.

తమ్ముడూ,

అమ్మకు మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందన్నావు, సంతోషం. తగ్గింది కదా అని మందు మాత్రం మాన్పించకు.

మొన్న నువ్వు ఫోన్ చేసి, "అక్కా, హిందూపురంలో రోజుకొకరు పాత పెళ్లి డీవీడీలు పట్టుకొచ్చి పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమంటున్నారు, డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పు" అని అడిగావు. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. హ్యాండ్‌బ్రేక్ వేసుకో అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. చెప్పింది తప్పు కాదు. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మనసు ఊరుకోలేదు. వంట రానివాడికి గరిటె పేరు చెప్పినట్టయింది. అందుకే ఇవాళ షట్టరు దించాక, వీధిలో హమాలీల బళ్లు సద్దుమణిగాక, తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

ముందు నా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇది మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పదేళ్ల కిందట కబ్బన్‌పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్లది మగ్గాల ఇల్లు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కొడుకు పెళ్లి డీవీడీ చేతి సంచీలో, దాని పైన పాత పట్టు రవికె గుడ్డ చుట్టి తెచ్చింది. ఒక్కటే డిస్కు. ఇంకో కాపీ లేదు. ఆ కొడుకు అప్పటికి లేడు. నేను అప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఉచిత కన్వర్టర్ వేసుకుని ఉన్నాను. డిస్కు పెట్టాను, బటన్ నొక్కాను, అరగంటలో ఫైల్ వచ్చింది. కదులుతోందా, మాట వినబడుతోందా అని రెండు చోట్ల చూసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లింది.

రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. కొత్తగా పెద్ద టీవీ కొన్నారు. దాంట్లో వేస్తే అందరి ముఖాలూ అడ్డంగా సాగిపోయి ఉన్నాయి, పెళ్లికొడుకు చెయ్యి కదిపితే చాలు, చేతి అంచున దువ్వెన పళ్లలాగా గీతలు. "మళ్లీ బాగా చేసిస్తావా అమ్మా" అని అడిగింది. డిస్కు ఇవ్వమన్నాను. కిటికీ పక్క గూట్లో పెట్టి ఉంచారట, ఎండ తగిలింది. మూడు డ్రైవ్‌లలో పెట్టి చూశాను. ఒక్కటీ చదవలేదు. నేను మొదటి రోజే ఆ డిస్కును ఉన్నదున్నట్టుగా ఒక కాపీ తీసి పెట్టుకుని ఉంటే, ఆ రోజు ఆవిడను ఖాళీ చేతులతో పంపేదాన్ని కాదు.

కాబట్టి నీకు చెప్పాల్సింది ఇదొక్కటే అనుకో: మార్చే సాఫ్ట్‌వేర్ రెండో మెట్టు. మొదటి మెట్టు, దేన్నీ మార్చకుండా దించుకోవడం. నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, "ఇది నా చేతిలో ఉన్న ఒకే ఒక్క డిస్కును ఎంత తక్కువ ముట్టుకుంటుంది" అని అడిగి ఎంచుకో.

డిస్కు సంగతి కాస్త తెలుసుకుంటే నా మాట ఎందుకో అర్థమవుతుంది. కంపెనీలో అచ్చు వేసిన సినిమా డీవీడీలో సమాచారం గుంటలుగా దిగి ఉంటుంది. మనం షాపులో రైట్ చేసిన డీవీడీ అలాంటిది కాదు. అందులో ఉండేది రంగు పూత. రైటర్‌లో లేజర్ ఆ పూతను చుక్క చుక్కగా మారుస్తుంది. ఎండకూ, వేడికీ, తేమకూ ఆ పూత నెమ్మదిగా చెడుతుంది. పైకి డిస్కు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. 2005 నుంచి 2012 దాకా మనందరం ఇచ్చిన పెళ్లి డిస్కులు ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాయి. అప్పట్లో మోజర్ బేర్ వాళ్ల ఖాళీ డిస్కులు లేని మిక్సింగ్ షాపు లేదు. ఆ కంపెనీయే 2007లో సినిమా వీసీడీలు 28 రూపాయలకు, డీవీడీలు 34 రూపాయలకు అమ్మి ఊరూరా డిస్కులు పంచింది. 2018లో ఆ కంపెనీనే మూసి లెక్కలు తేల్చమని ఆదేశాలొచ్చాయి. డిస్కుల కాలం అంత తొందరగా వచ్చి వెళ్లిపోయింది. డిస్కులు మాత్రం బీరువాల్లో మిగిలాయి. కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవ్ కూడా రావడం లేదు. నువ్వు వచ్చినప్పుడు ఎస్పీ రోడ్డుకు తీసుకెళతాను. మన వీధి నుంచి నడిచిపోయేంత దూరం. అక్కడ పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లు ఒక రెండు, వేరే వేరే కంపెనీలవి, కొని పెట్టుకో. ఒకటి చదవని చోటు ఇంకొకటి చదువుతుంది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

ఇంక ఉచితం అన్న మాట దగ్గరికి వస్తాను. నువ్వు డబ్బు కట్టక్కర్లేనిది అన్నావు. అందులో రెండు రకాలున్నాయి, రెండూ బొత్తిగా వేరు. మొదటిది ఎర. డౌన్‌లోడ్ చేసుకునేదాకా ఉచితం. మొదటి ఐదు నిమిషాలే మారుస్తుంది, లేదా మొత్తం మార్చి నడిమధ్యన తన పేరు వేస్తుంది. మాంగల్యధారణ జరుగుతుంటే పెళ్లికూతురి ముఖం మీద ఏదో కంపెనీ పేరు అడ్డంగా పడి ఉండడం నేను కళ్లారా చూశాను. తీయాలంటే డబ్బు కట్టమంటుంది. పైగా దానితోపాటు అడగని ఇంకో నాలుగు సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌లో దిగి కూచుంటాయి. రెండోది స్వేచ్ఛ. దాన్ని రాసినవాళ్లు రాసిన కోడ్ మొత్తం బయట పెట్టేస్తారు. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, పంచిపెట్టొచ్చు. మన తెలుగువాళ్లకు ఈ తేడా చెప్పడానికి మాట కూడా చక్కగా కుదిరింది. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ. తెలుగులో కనబడే గ్నూ లినక్స్‌ను వాళ్లు తయారుచేశారు. ఉచితం అంటే ధర లేదని మాత్రమే. స్వేచ్ఛ అంటే రేపు ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయన మానేసినా ఇంకొకరు అందుకుని నడిపిస్తారని. మన పని ఇరవై ముప్పై ఏళ్లు నిలవాల్సిన పని. అందుకని నేను రెండోదాన్నే నమ్ముకున్నాను.

హ్యాండ్‌బ్రేక్ ఆ రెండో రకం. 2003లో ఎరిక్ పెటీ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఇతరులు అందుకున్నారు. పదమూడేళ్ల పైన దిద్దుకుంటూ, దిద్దుకుంటూ, 2016 డిసెంబరు 24న గానీ దానికి 1.0 అని పేరు పెట్టుకోలేదు. పని పూర్తయిందని చెప్పడానికి అంత ఆగినవాళ్ల మీద నాకు గౌరవం. దాని లోపల నిజంగా వీడియోను కుదించే పని చేసేవి ఎక్స్264, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టాడు, అదీ స్వేచ్ఛగా పంచిందే. డబ్బు తీసుకుని అమ్మే కన్వర్టర్లలో చాలావాటి కడుపులో తిరిగే ఇంజను కూడా అదే. అది తెలిశాక డబ్బిచ్చి కొన్నది గొప్పగా ఉంటుందేమో అన్న బెంగ నాకు పోయింది.

ఒక జాగ్రత్త. హ్యాండ్‌బ్రేక్ పేరు పెట్టుకున్న దొంగ సైట్లు ఉన్నాయి. అసలుది హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్. వెతికితే పైన వచ్చే ప్రకటన మీద నొక్కకు, చిరునామా నువ్వే టైపు చెయ్యి. అసలు సైటు కూడా ఒకసారి దెబ్బ తింది. 2017 మే 2 నుంచి 6 దాకా వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకి ఎవరో దూరి, ఆపిల్ కంప్యూటర్లకు ఇచ్చే ఫైల్‌లో దొంగ ప్రోగ్రామ్ కలిపి పెట్టారు. హ్యాండ్‌బ్రేక్ వాళ్లే ఆ సంగతి బయటికి చెప్పి, ఎలా సరిచూసుకోవాలో రాశారు. ఫైల్ పక్కన పొడుగాటి అంకెలూ అక్షరాలూ కలిసిన వరస ఒకటి ఇస్తారు, చెక్‌సమ్ అంటారు. మనం దించుకున్న ఫైల్ నుంచి వచ్చే వరస దానితో అక్షరం అక్షరం కలవాలి. రెండు నిమిషాల పని. జనాల ఇళ్ల పెళ్లిళ్లు, నామకరణాలు ఉండే కంప్యూటర్ నీది, ఆ రెండు నిమిషాలు పెట్టు.

సరే, ఇప్పుడు డిస్కు చేతికి వచ్చింది. గుడ్డ పెట్టి గుండ్రంగా తుడవకు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా వరస పొడుగునా పడి, వరుసగా చాలా మేర చెడిపోతుంది. పైన కాగితం స్టిక్కర్ ఉంటే పీకకు. సగం చిరిగి మిగిలితే డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది.

డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. లోపల వీఓబీ ఫైళ్లు, ఒక్కొక్కటి 1 జీబీకి మించకుండా ముక్కలుగా. కొత్తవాళ్లు ఆ ముక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా మార్చి ఐదు ఫైళ్లు చేసిస్తారు. ముక్కా ముక్కా కలిసే చోట మంత్రం సగంలో తెగుతుంది. నువ్వు అలా చెయ్యకు. మొత్తం డిస్కును ఒక్క ఐఎస్ఓ ఫైల్‌గా దించు. 4.7 జీబీ డిస్కు, బాగున్నదైతే పావుగంట పడుతుంది. అదే మూలప్రతి. దాని పేరులో ఇంటిపేరు, ఏ శుభకార్యం, సంవత్సరం, ఎన్నో డిస్కు, ఇవి రాసి పెట్టుకో. ఇది చేశాకే హ్యాండ్‌బ్రేక్ తెరువు. డిస్కును కాదు, ఈ ఐఎస్ఓను దానికి చూపించు. నాలుగు సార్లు నాలుగు రకాలుగా మార్చి చూసినా డిస్కు మళ్లీ తిరగదు, అరగదు.

గీతలు పడి చదవడానికి మొరాయించే డిస్కులకు లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒకటుంది. గ్నూ వాళ్లది, ఆంటోనియో డియాస్ డియాస్ అనే ఆయన రాశాడు. నాకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ. మామూలు కాపీ అయితే చెడ్డ చోటు రాగానే అక్కడే తల కొట్టుకుంటూ కూచుంటుంది, చివరికి చేతులెత్తేస్తుంది. ఇది అలా కాదు. ముందు బాగున్నదంతా దించేసుకుంటుంది. చెడ్డ చోట్లు ఎక్కడెక్కడున్నాయో ఒక చిన్న మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. తర్వాత వెనక్కి వచ్చి ఆ చోట్లే ఓపిగ్గా మళ్లీ మళ్లీ చదువుతుంది. మధ్యలో ఆపి, అదే మ్యాప్ ఫైల్‌తో డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి మొదలుపెడితే మిగిలిన చోట్లనే వెతుక్కుంటుంది. రెండు డ్రైవ్‌లు కొనమన్నది ఇందుకే. పోయిన ఆషాఢంలో వీధి చివర వైర్ల కొట్టాయన వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్ డిస్కు ఇలాగే రాత్రంతా తిప్పాను. పొద్దున కాఫీ పెట్టుకుని వచ్చి చూస్తే ఎక్కడో రెండు మూడు సెకన్లు తప్ప మొత్తం వచ్చింది.

మేక్ఎంకేవీ అని ఇంకోటి కూడా వింటావు. డీవీడీల వరకు ఉచితమే, ఎప్పటికీ ఉచితంగానే ఉంచుతామని వాళ్లు చెప్పారు. కానీ దాని కోడ్ పూర్తిగా బయట పెట్టలేదు. అది చేసే పని నిజాయితీ అయినది: డీవీడీలో ఉన్న వీడియోను కుదించకుండా, మళ్లీ ముద్ద చెయ్యకుండా, ఉన్నదాన్ని తీసి ఎంకేవీ అనే కొత్త పెట్టెలో పెడుతుంది. పొట్లం మారుతుంది గానీ సరుకు అదే. మెనూలు పోతాయి. ఐఎస్ఓ ఉంచుకున్నాక నాకు దాని అవసరం పెద్దగా పడలేదు. వీఎల్‌సీతో కూడా మార్చొచ్చని చెబుతారు. అది ప్యారిస్‌లో కాలేజీ కుర్రాళ్లు మొదలుపెట్టింది, డిస్కు చూడ్డానికి దాన్ని మించింది లేదు. మార్చడానికి మాత్రం నేను వాడను. ఇంతకంటే వీటి గురించి చెప్పడానికి లేదు.

ఇప్పుడు అసలు పని. హ్యాండ్‌బ్రేక్‌లో ఎడాపెడా బటన్లు చూసి బెదరకు. నీకు కావలసినవి నాలుగే.

మొదట రెడీమేడ్ అమరికల్లో 576పి25 అని ఉన్నవాటిలో ఒకటి తీసుకో. హెచ్‌క్యూ అని ముందు ఉన్నది మంచిది. మన దేశపు డీవీడీ 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు, సెకనుకు 25 ఫ్రేములు. అంతకు మించి దాంట్లో లేదు. కస్టమర్ "ఫోర్ కే చేసివ్వండి" అంటాడు. లేనిది పుట్టదని నెమ్మదిగా చెప్పు. బలవంతాన 1080కి సాగదీస్తే ఫైల్ బరువే పెరుగుతుంది.

తర్వాత నాణ్యత అంకె. ఆర్ఎఫ్ అని రాసి ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైల్ పెరుగుతుంది. డీవీడీలకు 18 నుంచి 22 మధ్య పెట్టుకోమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. నేను 19 దగ్గర ఆగుతాను. ఫైల్ ఇంత సైజులో రావాలని ముందే బిగించి పెట్టకు. పెళ్లిలో ఒక్కో ఘట్టానికీ ఒక్కో ఆకలి ఉంటుంది. ఇది నాకు కరగ వీడియోతో అర్థమైంది.

నీకు తెలుసుగా, చైత్ర పౌర్ణమి రాత్రి మా పక్క తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. చీర కట్టి గాజులు వేసుకున్న పూజారి తల మీద మల్లెపూల గోపురంలా కరగ, చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు, గోవింద నామం. తెల్లారేదాకా పేటలన్నీ తిరుగుతుంది, తవక్కల్ మస్తాన్ దర్గాకూ వెళుతుంది. మీ బావ 2009లో మా మేడ మీది నుంచి హ్యాండీక్యామ్‌తో తీశాడు. రాత్రి, ట్యూబ్‌లైట్ల వెలుగు. చీకట్లో కెమెరా తడుముకుంటుంది, బొమ్మ నిండా ఇసక పోసినట్టు చుక్కలు కదులుతుంటాయి. అదే ఆర్ఎఫ్ 19తో పగటి పెళ్లి రెండు గంటలది ఒకటిన్నర జీబీ లోపు వచ్చింది, ఈ గంట కరగ దానికంటే ఎక్కువైంది. మొదట ఏదో తప్పు చేశాననుకున్నాను. తప్పేమీ లేదు, ఆ చుక్కలన్నింటినీ అది నిజమైన బొమ్మే అనుకుని జాగ్రత్తగా దాచింది. అప్పుడు చుక్కలు తగ్గించే డీనాయిజ్ ఫిల్టర్ పెట్టి చూశాను. చుక్కలు పోయాయి. మల్లెపూలు కూడా పోయాయి. గోపురం తెల్లటి మైనపు ముద్దలాగా అయింది, పువ్వుకూ పువ్వుకూ మధ్య నీడ లేదు. తీసేశాను. ఫైల్ పెద్దదైతే కానీ అనుకున్నాను. నువ్వూ ఆ ఫిల్టర్ జోలికి చప్పున వెళ్లకు. చాలా పాడైన వీడియోకు తేలికగా, అన్నింటికంటే తక్కువ మోతాదులో పెట్టి, పువ్వులూ, జరీ, తల వెంట్రుకలూ నిలిచాయో లేదో చూసి అప్పుడు ఒప్పుకో.

మూడోది దువ్వెన పళ్లు. కబ్బన్‌పేట ఆవిడ ఫైల్‌లో కనబడ్డవి ఇవే. పాత వీడియో కెమెరా ఒక ఫ్రేమ్‌ను ఒకేసారి తీయదు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి, సెకనుకు 50 సగాలుగా తీస్తుంది. పాత డబ్బా టీవీ ఆ సగాలను అదే వరసలో ఒకదాని తర్వాత ఒకటి చూపించేది, కంటికి తేడా తెలిసేది కాదు. కంప్యూటర్‌లో రెండు సగాలూ కలిపి ఒకేసారి వేస్తే, ఆ మధ్యలో కదిలిన వస్తువు రెండు చోట్ల కనబడుతుంది. తలంబ్రాల దగ్గర ఆపి చూడు. పడుతున్న ప్రతి గింజా గీతలు గీతలుగా చీలి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్ల పేజీలో డీఇంటర్‌లేస్ అనే చోట యాడిఫ్ గానీ బ్వడిఫ్ గానీ ఎంచి, దాని కింద బాబ్ అని ఉన్నది పెట్టు. ఫ్రేమ్ రేటు దగ్గర 50 పెట్టు. అప్పుడు ప్రతి సగమూ ఒక పూర్తి ఫ్రేమ్ అవుతుంది. బాబ్ పెట్టకపోతే 25 ఫ్రేములే మిగిలి, బరాత్‌లో డాన్సులు కొద్దిగా కుదుపుగా కనబడతాయి. చాలామంది ఈ చిన్న పనే వదిలేస్తారు. నా దృష్టిలో మంచి షాపుకూ మామూలు షాపుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

నాలుగోది ముఖాలు సాగడం. డీవీడీలో చుక్కలు చతురస్రం కావు. అదే 720 చుక్కల బొమ్మను పాత టీవీ ఆకారంలో వేస్తే 768 వెడల్పుగా కనబడాలి. వెడల్పు టీవీ కోసం తీసినదైతే 1024. హ్యాండ్‌బ్రేక్‌లో అనామార్ఫిక్ అనేది ఆటోమేటిక్‌గా ఉంచితే అదే చూసుకుంటుంది. నువ్వు చెయ్యి పెట్టి మార్చకపోతే చాలు. కొంతమంది కస్టమర్లు పక్కన నల్లటి పట్టీలు చూసి టీవీ మొత్తం నిండేలా చెయ్యమంటారు. అలా చేస్తే వాళ్ల అమ్మ ముఖం వాళ్ల అమ్మ ముఖంలా ఉండదని చెప్పు, ఒప్పుకుంటారు. నాకు ఇప్పటిదాకా ఒప్పుకోనివాళ్లు తగల్లేదు.

ధ్వని దగ్గర పిసినారితనం వద్దు. నాదస్వరం, డోలు గట్టిగా ఉంటాయి, తక్కువ బిట్ రేటులో చిల్లులు పడ్డట్టు వినబడతాయి. ఏఏసీ 160 కంటే తగ్గించకు. ఫైల్ ఎంపీ4గా, హెచ్.264లో ఇవ్వు. హెచ్.265 ఇంకా కుదిస్తుంది గానీ, ఊళ్లలో పాత టీవీలు కొన్ని దాన్ని పలకవు. తాతగారు పెన్‌డ్రైవ్ పెట్టగానే బొమ్మ రావాలి. గ్రాఫిక్స్ కార్డుతో త్వరగా చేసే పద్ధతి కూడా ఉంది. తొందరకు బాగుంటుంది, అదే సైజులో బొమ్మ కాస్త నాసిగా ఉంటుంది. రాత్రి పెట్టేసి పడుకుంటే పొద్దునకు అయిపోతుంది, మనకు తొందరేముంది?

సినిమా డిస్కుల మాట. నువ్వు స్టూడియో పెట్టావని తెలిసి ఎవరో ఒకరు పాత తెలుగు సినిమా డీవీడీలు అట్టపెట్టెడు తెచ్చి అన్నీ హార్డ్‌డిస్కులో వేసివ్వమంటారు. పుచ్చుకోకు. మన పెళ్లి డిస్కులకు తాళం ఉండదు, కంపెనీ డిస్కుల్లో చాలావాటికి ఉంటుంది. సీఎస్ఎస్ అంటారు. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను ఆ తాళం తీయదు. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ అనే సెక్షన్ చేర్చారు. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో అలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. నువ్వు చేసేది డబ్బు తీసుకుని చేసే పని, కాబట్టి అది నాకొద్దని చెప్పడమే నీకు మంచిది. సినిమా ఇంకో చోట దొరుకుతుంది. ఒకరి ఇంటి గృహప్రవేశం ఇంకెక్కడా దొరకదు. నీ సమయం దానికి పెట్టు.

కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఐఎస్ఓ కూడా కావాలా అని అడుగు. చాలామంది వద్దంటారు. వద్దన్నా ఆరు నెలలు నీ దగ్గర ఉంచు, ఉంచుతున్నానని వాళ్లకు చెప్పి ఉంచు. డిస్కు తిరిగి ఇచ్చేటప్పుడు పారెయ్యొద్దని, బీరువాలో నిలువుగా, చీకట్లో పెట్టమని చెప్పు. ఫైల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడకుండా ఎవరికీ ఇవ్వకు. కనీసం ప్రతి పది నిమిషాలకూ ఒకసారి ఆగి, పెదవుల కదలికా మాటా కలిశాయో లేదో చూడు. మంత్రాలు చదివే పురోహితుడి నోరు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

నీకు చెయ్యి తిరగాలి కదా. బయటివాళ్ల డిస్కు మీద నేర్చుకోవడం నాకిష్టం లేదు. అందుకని మా పెళ్లి డిస్కులు మూడూ రేపు బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. భయం లేదు, వాటి ఐఎస్ఓలు ఇక్కడ ఒక హార్డ్‌డిస్కులో, మీ బావ వాళ్ల అన్న ఇంట్లో ఇంకో దాంట్లో ఉన్నాయి. మూడో డిస్కు మీద గీతలున్నాయి, దాన్ని డీడీరెస్క్యూతో తియ్యి. రెండోది తలంబ్రాలు. బాబ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి మార్చి, పక్కపక్కన ఆపి చూడు. గింజ గింజగా విడివిడిగా కనబడితే నీకు పని వచ్చినట్టే. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఆ తలంబ్రాలు అయిపోయాక కెమెరా కొద్దిసేపు పక్కకు తిరుగుతుంది. నాన్న స్తంభం పక్కన నిలబడి ఉంటాడు, కండువాతో కళ్లు ఒత్తుకుని, ఎవరితోనో "పిల్లాడికి అన్నం పెట్టారా" అని అడుగుతాడు. డోలు చప్పుడులో సరిగా వినబడదు. ధ్వని 160 కంటే తగ్గించకుండా చెయ్యి, వినబడుతుంది. ఆయన అడిగింది నీ గురించే, అప్పుడు నీకు పదకొండేళ్లు.

అమ్మకు నమస్కారాలు చెప్పు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి.

మీ అక్క